మానడానికి కావలసిన అర్హతలు

మంచి పని ఏదైనా పై అధికారుల కంట పడనంతకాలం సజావుగానే సాగుతుంది. చినరావులపాడు లాకుల దగ్గర సాగుతున్న మంచి పని చాలా రోజులు ఎవరి కంటా పడలేదు. కారణం, అది మరీ చిన్నది. పొద్దున పూట కాలువ తలుపులు సరిచూసుకున్నాక ముగ్గురు మనుషులు లాకుల పిట్టగోడ మీద కూర్చుని, అరచేతిలో వేయించిన వాము, ఎండు ఉసిరి తునకలు వేసి నలిపి, తలా ఒక చిటికె నోట్లో వేసుకునేవాళ్ళు. అంతే.

ముగ్గురిలో మాలకొండయ్య లష్కరు. కాలువ తలుపులు ఎత్తడం, దించడం అతని పని. మీరావలి ఆఫీసు జీపు డ్రైవరు. దానియేలు వాచ్‌మన్. ముగ్గురూ ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఖైనీ వేసినవాళ్ళే.

నాలుగోవాడు కోటిలింగం. అసలు ఆ పిట్టగోడ మీద ఖైనీ నలిపేది అతనే. ఎడమ అరచేతిలో ఆకుపొడి పోసి, గోటితో సున్నం అద్ది, కుడి బొటనవేలితో నలిపి, చివర రెండు చరుపులు చరిచాడంటే పొట్టు ఎగిరి అవతలి గట్టు మీద మేకలు తుమ్మేవి. ఖైనీ ఎవరూ తన ఒక్కడి కోసం నలుపుకోరు. అది వాళ్ళలో మర్యాద. నలిపినవాడు ముందు పక్కవాళ్ళకి పెట్టాలి. తను ఆఖరున వేసుకోవాలి. చేయి చాపినవాడు పగవాడైనా సరే, లేదనకూడదు. ఈ మర్యాదల్ని కోటిలింగం పాటించినంతగా ఎవరూ పాటించలేదు. అందరికంటే ముందు వెళ్ళిపోయిందీ అతనే.

చివరి రోజుల్లో ఆసుపత్రిలో అతని నోరు చెంచా పట్టనంతగా బిగుసుకుపోయింది. మాట లేదు. ముగ్గురూ మంచం చుట్టూ నిలబడితే, అలవాటు కొద్దీ ఎడమ అరచేయి తెరిచి చూపించాడు. అందులో ఏమీ లేదు.

తిరుగు బస్సులో దానియేలు తన పొట్లం కిటికీలోంచి పారేశాడు. కాసేపటికి మీరావలి కూడా. మాలకొండయ్యకి ఇంకొంచెం టైము పట్టింది. ఊళ్ళోకి వచ్చి, లాకుల మీద నిలబడి, కాలువలో వేశాడు.

ఎవరికి వారుగా మానడం కుదిరే పని కాదని తొందరలోనే తెలిసింది. “నోరు ఊరుకున్నా చెయ్యి ఊరుకోవటంలా మావా,” అన్నాడు మీరావలి. అప్పుడు పాత మర్యాదనే కొత్త పనికి పెట్టుకున్నారు. నోరు పీకినప్పుడు ఎవరూ ఒంటరిగా ఉండకూడదు. మిగతా ఇద్దరిలో ఒకడి దగ్గరికి వెళ్ళి చేయి చాపాలి. చాపినవాణ్ణి ఎగతాళి చెయ్యకూడదు. ఎంత పనిలో ఉన్నా సరే, వాము నలిపి పెట్టాలి. పొద్దున మాత్రం ముగ్గురికీ మాలకొండయ్య నలిపేవాడు. చేతి అలవాటు చొప్పున ఎప్పుడూ నాలుగు వంతులు పడేవి. నాలుగో వంతు పిట్టగోడ మీద పెట్టేవాడు. చీమలు పట్టుకుపోయేవి.

మాలకొండయ్యకి ఎడమ బుగ్గ లోపల తెల్లటి మచ్చ ఒకటి ఉంది. “ఇది వెనక్కి పోయే మచ్చే. మళ్ళీ ముట్టుకోకపోతే పోతుంది. ముట్టుకుంటే మాత్రం నా దగ్గరికి రావద్దు, తిన్నగా పెద్దాసుపత్రికి వెళ్ళు,” అంది డాక్టరమ్మ. అతనికి తన సంగతి తెలుసు. అంతకుముందు రెండుసార్లు మానాడు. రెండుసార్లూ ఏదో పెళ్ళిలో ఎవరో పెట్టిన ఒక్క చిటికెతో మళ్ళీ మొదలైంది. ఒక్క చిటికె అనేది అతని విషయంలో లేదు.

ఆ సంవత్సరం పై ఆఫీసులో ‘వ్యసనరహిత కార్యాలయం’ అనే ఉత్సాహం పుట్టింది. కిందటి సంవత్సరం ‘కాగితరహిత కార్యాలయం’ ఉత్సాహం ఉండేది. దాని గురించి వచ్చిన కాగితాలు దాచడానికి రెండు బీరువాలు కొన్నారు. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు సదానందం గారు ఏ ఉత్సాహాన్నయినా మనస్ఫూర్తిగా అమలు చేసే మనిషి. తనిఖీకని లాకుల దగ్గర దిగేసరికి ఆయన చెవిన అరచేతి చరుపు పడింది.

“ఏమిటది? విధి నిర్వహణలో ఖైనీయా?”

మాలకొండయ్య లేచి అరచేయి తెరిచాడు. “వామండి.”

సదానందం గారు వంగి వాసన చూశారు. వామే. “వామెందుకు?”

జీపు పక్కన నిలబడ్డ మీరావలికి నోరు ఆగదు. “ఖైనీ మానేశామండి. ముగ్గురం కలిసి. నోరు పీకిందంటే ఒకళ్ళ దగ్గరికి ఒకళ్ళం పోయి చేయి చాపుతామండి...”

దానియేలు అతని కాలు తొక్కాడు. అప్పటికే ఆలస్యమైంది. సదానందం గారి కళ్ళు చెమ్మగిల్లాయి.

“మీకు తెలియకుండా మీరు ఒక మహత్తర కార్యక్రమం నిర్వహిస్తున్నారు,” అన్నారాయన. “దీనికి పేరేమైనా పెట్టారా?”

“లేదండి.”

“కార్యవర్గం?”

“అంటే ఏందండి?”

“అదే లోపం,” అన్నారు సదానందం గారు.

లోపాలు సవరించడానికి ఎక్కువ కాలం పట్టలేదు. దానికి ‘పొగాకు పరిత్యాగుల పరస్పర ప్రోత్సాహక సంఘం’ అని పేరు వచ్చింది. సదానందం గారు పంపిన నివేదిక చదివి చీఫ్ ఇంజనీరు గారు పులకించి, ప్రతి డివిజన్‌లోనూ ఇటువంటి సంఘం వెలవాలనీ, ఒక్కో సంఘంలో ఇరవైమందికి తగ్గకుండా ఉండాలనీ, చినరావులపాడు సంఘాన్ని తామే స్వయంగా ప్రారంభిస్తామనీ ఉత్తర్వు ఇచ్చారు.

ఉత్తర్వు సూపరింటెండెంటు వరదాచారి గారి బల్ల మీదికి చేరింది. ఆయన వక్కపలుకు కూడా ఎరగని మనిషి. ఏ కాగితం చూసినా అందులో తప్పు ముందు కనపడుతుంది, విషయం తర్వాత కనపడుతుంది. సమావేశం పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, మొదలుపెట్టారు.

“పరిత్యాగి కావలెనన్న, ప్రప్రథమంగా పరిత్యజించుటకు ఏదో ఒకటి ఉండవలెను. సేవించనివాడు దేనిని పరిత్యజించును? కనుక సభ్యత్వమునకు అర్హత, పొగాకు సేవనం. మన డివిజన్‌లో సేవించువారు చేతులెత్తండి.”

ఒక్క చెయ్యీ లేవలేదు.

జూనియర్ అసిస్టెంటు మేరీ సుగుణ లేచింది. “అయితే మనది వ్యసనరహిత కార్యాలయమే కదండీ. ఆ ముక్కే పైకి రాసేద్దాం.”

సదానందం గారు బాధగా నవ్వారు. “అలా రాస్తే మనం సాధించినదేమిటమ్మా? లేనిదాన్ని లేదని రాయడంలో అధికారి కృషి ఎక్కడ కనిపిస్తుంది? పక్క డివిజన్ వాళ్ళు ఇరవై అయిదుగురిని చూపించారు. వాళ్ళకేం, అదృష్టవంతులు. అక్కడ అందరికీ అన్ని అలవాట్లూ ఉన్నాయి.”

“పేర్లు రాసి పంపేస్తే పోలా సార్?” అన్నాడు వెనకనుంచి ఎవరో.

“వీలు కాదు,” అన్నారు వరదాచారి గారు. “ప్రారంభోత్సవం నాడు వైద్య బృందం వచ్చి ఒక్కొక్కరి పళ్ళు, చిగుళ్ళు పరీక్షించి ధ్రువీకరించును. మరక లేనివారి సభ్యత్వం చెల్లదు.” ఆయన కాసేపు ఉత్తర్వును వెలుతురుకి పట్టి చూశారు. అందులో తప్పేమీ కనపడలేదు. “కావున సభ్యులు కాగోరువారు ముందుగా సేవించుట నేర్చుకొనవలెను. రెండు నెలల వ్యవధి ఉన్నది. నేర్చుకొనుటకు అది చాలును. మానుటకు ఒక్క నిమిషం చాలును.”

ఈ మాట అందరికీ సబబుగానే తోచింది. ఆయన చెప్పిన తీరు అలాంటిది.

నేర్పేవాళ్ళు ఎవరనే ప్రశ్న వచ్చింది. అందరూ మూలన నిలబడ్డ ముగ్గురి వైపు తిరిగారు.

“అయ్యా, మేం మానేశామండి,” అన్నాడు మాలకొండయ్య. “దాని వాసన తగిలితేనే మాకు చేతులాడవు.”

“అందుకే మీరు తగినవాళ్ళు,” అన్నారు సదానందం గారు. “అనుభవజ్ఞులు. పైగా నిష్పక్షపాతులు.”

శిక్షణ సామగ్రి కొనుగోలు దగ్గర ఒక చిక్కు వచ్చింది. ఖైనీకి ప్రభుత్వ పద్దుల్లో చోటు లేదు. వరదాచారి గారు రెండు రోజులు ఆలోచించి, ఆఫీసు పూలతోట పద్దు కింద పురుగుమందుగా చూపించారు. ఆ వ్యవహారం మొత్తంలో రాసిన నిజం అదొక్కటే.

శిక్షణ మీటింగు హాల్లో మొదలైంది. మాలకొండయ్య ముక్కుకి తుండుగుడ్డ కట్టుకుని నలపడం చూపించాడు. మీరావలి కింది పెదవిని రెండు వేళ్ళతో లాగి ఎక్కడ పెట్టాలో చూపించాడు. దానియేలు ఉమ్మడం నేర్పాడు. మొదటి పాఠం మాత్రం చేయి చాపడం. ఎందుకంటే, మర్యాద తెలియకుండా అలవాటు నేర్పడం వాళ్ళకి చేతకాలేదు.

“ఎడమ చెయ్యి చాపండయ్యా. ఊరికే పక్కకి. అడగగూడదు. చాపితే పెడతారు,” అన్నాడు మాలకొండయ్య. ఇరవై చేతులు చాచుకున్నాయి. అందులో ఏడు ఆడవాళ్ళవి. మూడో వంతు ప్రాతినిధ్యం ఉండాలని ఉత్తర్వులోనే ఉంది.

“మా ఆయన జన్మంతా తిన్నది మా ఇంటికి చాలదాండీ?” అంది మేరీ సుగుణ.

“మీ ఆయన మన శాఖ కాదు,” అన్నారు వరదాచారి గారు.

ఆదర్శంగా ఉండాలని మొదటి చిటికె ఆయనే వేసుకున్నారు. వేసుకుని, ఉత్తర్వులోని మూడో పేరా వివరించబోయి, ఆ పేరా మధ్యలో కళ్ళు తేలేసి పాత ఫైళ్ళ కట్టల మీద పడుకున్నారు. ఆ రోజుకి ఆయనకి సెలవు రాయలేదు. విధి నిర్వహణలో తల తిరిగినట్టు రాశారు. అందరికీ తల తిరిగింది. ఎక్కిళ్ళు వచ్చాయి. ఒక డ్రాఫ్ట్స్‌మన్ మింగేసి, ఆ సాయంత్రం వరకూ కాలువని కాలువ అని గుర్తుపట్టలేకపోయాడు. పది రోజులు గడిచేసరికి ఎక్కిళ్ళు తగ్గాయి. ఇంకొన్నాళ్ళకి శిక్షణ గంట కంటే ముందే అందరూ హాలుకి రావడం మొదలైంది. క్రమశిక్షణ పెరిగిందని సదానందం గారు పైకి రాశారు.

చిక్కంతా శిక్షకులకి వచ్చింది. రోజంతా నలిపిన వాసన మాలకొండయ్య చేతుల్ని వదిలేది కాదు. చింతపండుతో తోమాడు, బూడిదతో తోమాడు. అన్నం ముద్ద నోటి దగ్గరికి తెస్తే ముందు వాసన వచ్చేది, తర్వాత ముద్ద వచ్చేది. భార్య చెంచులక్ష్మి స్పూనుతో తినమంది. “ఇంట్లో దొరబాబు తయారయ్యాడు,” అని నవ్వించబోయింది గానీ ఆమెకే నవ్వు రాలేదు.

ఒక సాయంత్రం ఇక ఆగలేక మీరావలి ఇంటికి బయల్దేరాడు. సగం దారిలో మీరావలి ఎదురొచ్చాడు. ఇద్దరూ ఒకేసారి చేయి చాపారు. ఇద్దరి దగ్గరా వాము లేదు. వీధి మధ్య ఇద్దరు మనుషులు చేతులు చాపుకుని మాటా పలుకూ లేకుండా నిలబడితే, ఏదో గొడవేమోనని అరుగుల మీది వాళ్ళు లేచి నిలబడ్డారు. అంతలో దానియేలు సైకిలు మీద వస్తూ కనిపించాడు. దిగకుండానే చెయ్యి చాపాడు.

“ఏందిరా, నీ దగ్గర కూడా లేదా?” అన్నాడు మీరావలి.

“ఉంటే నేనెందుకు వస్తా సామీ?”

ముగ్గురూ నవ్వారు. నవ్వుకుంటూనే కోమటి కొట్టు తెరిపించి వాము కొన్నారు. వేయించే ఓపిక లేక పచ్చిదే నమిలారు. నోరు మండింది. ఆ పూట గడిచింది.

ప్రారంభోత్సవం దగ్గర పడ్డాక మాలకొండయ్యకి కబురొచ్చింది. సదానందం గారి గదిలో వరదాచారి గారు కూడా ఉన్నారు. మాట్లాడుతూనే ఎడమ అరచేతిలో నలుపుకుంటున్నారు. చూడకుండా నలిపే స్థాయికి వచ్చారు.

“మాలకొండయ్యా, నీ విషయంలో ఒక అభ్యంతరం ఏర్పడినది,” అన్నారాయన. “మీ ముగ్గురూ సంఘం ఏర్పడకముందే మానివేశారు. అట్టి మానుట సంఘం ఖాతాలోకి రాదు. అది మీ సొంత మానుట.”

“మంచిదేగదండి. మమ్మల్ని వదిలేయండి.”

“ఎలా వదిలేస్తాం?” అన్నారు సదానందం గారు. “పైకి రాసిందే మీ గురించి. చీఫ్ ఇంజనీరు గారు వేదిక మీద నిన్నే చూడాలన్నారు. అందుచేత ఒక మార్గం ఆలోచించాం. వారి సమక్షంలో నువ్వు ఖైనీ నలిపి, నోట్లో పెట్టుకుని, వెంటనే ఉమ్మి, ఇక ముట్టనని శపథం చెయ్యాలి. నిన్ను చూసి మిగతావారు ఉమ్ముతారు. ఒక్క చిటికె.”

“అయ్యా, నాకు ఒక్క చిటికె లేదండి. పెట్టానంటే మళ్ళా మొదలే. బుగ్గలో మచ్చ కూడా ఉందండి.”

“మచ్చ ఉందా?” సదానందం గారి ముఖం వెలిగింది. “ముందే చెప్పవేమయ్యా. వైద్య బృందానికి మొదట నిన్నే చూపిద్దాం.”

మాలకొండయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. “నా వల్ల కాదండి.”

“నీ ఇష్టం,” అన్నారు సదానందం గారు చాలా దయగా. “కాకపోతే ప్రజాప్రయోజనార్థం మీ ముగ్గురినీ మూడు సెక్షన్లకి సర్దుబాటు చెయ్యవలసి వస్తుంది. ఒకరికొకరు నలభై మైళ్ళ దూరంలో ఉంటారు.”

మాలకొండయ్యకి ఆ దూరం అర్థమైంది. నలభై మైళ్ళ అవతల ఉన్నవాడికి చేయి చాపడం ఎలాగో ఎవరూ కనిపెట్టలేదు.

ప్రారంభోత్సవం ఆఫీసు ఆవరణలో. షామియానా, మామిడి తోరణాలు, మైకు. వేదిక మీద ఉమ్మడానికి ఇత్తడి తొట్టి, దాని మెడలో బంతిపూల దండ. వేదిక వెనక బల్ల దగ్గర సామ్రాజ్యం పళ్ళెం సర్దుతోంది. ఆమె కోటిలింగం భార్య. అతను పోయాక కారుణ్య నియామకం కింద అదే ఆఫీసులో అటెండరు ఉద్యోగం ఇచ్చారు. ఆ రోజు ఆమెకి అప్పగించిన పని, ఖైనీ, సున్నం ఉన్న వెండి పళ్ళెం పట్టుకుని వేదిక ఎక్కడం. ఆ పనికి ఆమెని ఎంచుకోవడంలో ఎవరికీ ఏ దురుద్దేశమూ లేదు. ఎవరికీ ఏమీ గుర్తు లేదు, అంతే.

మాలకొండయ్య పళ్ళెం వైపు చూడకుండా నిలబడ్డాడు. “నువ్వెందుకమ్మా? ఇంకెవరినన్నా పట్టుకోమందునుగా.”

“ఉద్యోగం అన్నా. పట్టుకోమంటే పట్టుకోవాల.” ఆమె సున్నం డబ్బా మూత తుడిచి పెట్టింది. “ఇన్నేళ్ళూ ఆయన చేత్తో పెట్టింది తిన్నావు. ఏమీ అనలేదు నేను. నా చేత్తో ఇచ్చింది మాత్రం తినమాక.”

ఆమె కొంగు సర్దుకుని పళ్ళెం ఎత్తుకుంది. మైకులో మాలకొండయ్య పేరు పిలిచారు.

అప్పటికే చీఫ్ ఇంజనీరు గారు చాలాసేపు మాట్లాడి ఉన్నారు. తాము జీవితంలో పొగాకు వాసన ఎరగమనీ, వ్యసనం మనిషిని లోపలినుంచి తినేస్తుందనీ, సంకల్పబలం ఉంటే కాలువ ఎగువకి పారుతుందనీ సెలవిచ్చారు. వైద్య బృందం ఇరవైమంది పళ్ళూ చూసి, మరకలు సంతృప్తికరంగా ఉన్నాయని ధ్రువీకరించింది. ఇరవైమందీ ముందు వరసలో కూర్చున్నారు. దానియేలు, మీరావలి గుంజల దగ్గర నిలబడి వేదిక మీదికి చూస్తున్నారు.

మాలకొండయ్య పళ్ళెంలో ఉన్న ఆకుపొడంతా అరచేతిలో పోసుకున్నాడు. సున్నం అద్దాడు. నలిపాడు. చేతులకి అన్నీ గుర్తున్నాయి. మైకు పక్కనే ఉండడంవల్ల బొటనవేలి రాపిడి ఆవరణ అంతా వినిపించింది. మాటలాగిపోయాయి. అతను రెండు చరుపులు చరిచాడు, కోటిలింగం చరిచినట్టే. పొట్టు లేచింది. వేదిక మీద ఉన్న పెద్దలంతా హోదాల వరసలో తుమ్మారు.

“ఊ, కానివ్వు,” అన్నారు సదానందం గారు నోరు కదలకుండా.

మాలకొండయ్య అరచేతిలోకి చూశాడు. నోట్లో నీళ్ళు ఊరాయి. బుగ్గలో మచ్చ ఉన్నచోట చల్లగా అనిపించింది. పక్కన పళ్ళెం పట్టుకున్న చేతులు కంటి చివర కనపడ్డాయి. అతను మైకు ముందుకి వంగాడు.

“నలిపినవాడు ముందు వేసుకోకూడదండి. పెద్దలకి పెట్టాల. మాలో అది మర్యాదండి.”

ఎవరైనా ఏమైనా అనేలోపు చీఫ్ ఇంజనీరు గారి వైపు తిరిగి అరచేయి ముందుకి పెట్టాడు. ఊరికే లాంఛనానికి పెట్టినట్టే పెట్టాడు. కానీ చీఫ్ ఇంజనీరు గారి ఎడమ చెయ్యి, ఆయన్ని అడక్కుండానే, ఊరికే పక్కకి చాచుకుంది. చాపిన తీరు చూసి గుంజ దగ్గర మీరావలి “యా అల్లా, పాత చెయ్యిరా ఇది,” అన్నాడు. చిటికె ఎంత తియ్యాలో ఆ వేళ్ళకి తెలుసు. కింది పెదవి ఎంత లాగాలో తెలుసు. పది సంవత్సరాల అనుభవం లేనిదే అంత తేలిగ్గా కుదరదు. చీఫ్ ఇంజనీరు గారు కళ్ళు మూసుకున్నారు. కెమెరాలు వెలిగాయి.

పై అధికారి స్వీకరించినదాన్ని కింది అధికారి నిరాకరించడం మర్యాద కాదు. సదానందం గారు చెయ్యి చాపారు. మాలకొండయ్య వేదిక దిగాడు. ముందు వరసలో ఇరవైమందీ మొదటి పాఠం మరిచిపోలేదు. ఎడమ చేతులు వరసగా పక్కకి వచ్చాయి. అతను ఒక్కొక్కరికీ ఒక్కొక్క చిన్న చిటికె పెట్టుకుంటూ పోయాడు. మేరీ సుగుణ మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుని తల అడ్డంగా ఊపింది. అతను ఆమెకి నమస్కారం పెట్టి ముందుకి కదిలాడు.

వరస చివర వరదాచారి గారు. అరచేతిలో మిగిలింది ఒక్క చిటికె. వరదాచారి గారు దాన్ని చూశారు, మాలకొండయ్య ముఖం చూశారు. ఎక్కడున్నా తప్పు కనిపెట్టే మనిషి. “ఇది నీ వంతు కదూ?” అన్నారు మెల్లగా. అంటూనే ఆయన చెయ్యి చాచుకుని ఉంది. రెండు నెలల కిందట ఆ చెయ్యి చాచడం ఎరగదు.

“చేయి చాపినవాడికి లేదనకూడదండి,” అని మాలకొండయ్య పెట్టేశాడు.

తిరిగి వేదిక ఎక్కి, మైకు ముందు నిలబడి, ఎడమ అరచేయి తెరిచి చూపించాడు. అందులో ఏమీ లేదు.

“అయిపోయిందండి. నాకు లేదు,” అన్నాడు.

సామ్రాజ్యం ఖాళీ పళ్ళెం బోర్లించి చంకన పెట్టుకుని వేదిక దిగింది.

తర్వాతి కార్యక్రమం ఉమ్మడం. ఇక్కడ ఇంకో చిక్కు వచ్చింది. చీఫ్ ఇంజనీరు గారు ఉమ్మకుండా సదానందం గారు ఉమ్మడానికి లేదు. సదానందం గారు ఉమ్మకుండా మిగతావాళ్ళు ఉమ్మడానికి లేదు. చీఫ్ ఇంజనీరు గారికి ఉమ్మే తొందరేమీ ఉన్నట్టు కనపడలేదు. ఆయన ముఖంలో చాలా ఏళ్ళ తర్వాత పుట్టినూరు చూసిన మనిషి శాంతి ఉంది. చివరికి కార్యక్రమం ఆలస్యమవుతోందని, అందరూ అలాగే లేచి నిలబడి, కింది పెదవులు ఉబ్బించుకుని, ఇకముందు పొగాకు ముట్టబోమని శపథం చేశారు. “మ్మ్మ్, మ్మ్మ్మ్” అని వినిపించింది. జాతీయగీతం అయ్యాక అందరూ మరుగుదొడ్ల వైపు నడిచారు. దండ వేసిన తొట్టి మెరుస్తూ అలాగే ఉండిపోయింది.

నూటికి నూరుపాళ్ళు పరిత్యాగం జరిగినట్టు నివేదిక వెళ్ళింది. మర్నాటి పేపర్లో ఫొటో కూడా వచ్చింది. ఏ ఫొటో వచ్చిందో చెప్పనవసరం లేదు. ఆ ఫైలు ఇక ఎవరూ తెరవకూడదని పైనుంచి నోటిమాటగా ఆదేశం వచ్చింది. ఆ శాఖలో వెంటనే అమలయ్యేవి నోటిమాట ఆదేశాలొక్కటే. ముందుజాగ్రత్తగా రాసి ఆ ఫైల్లోనే పెట్టడంవల్ల ముగ్గురి సర్దుబాటు కాగితాలు కూడా అందులోనే ఉండిపోయాయి. పరిత్యజించినవారు సేవించువారు కారు గనుక, సేవించనివారు సభ్యత్వానికి అర్హులు కారు గనుక, సంఘం దానంతట అదే రద్దయింది. సభ్యులకి మిగిలింది అలవాటు ఒక్కటే.

కొత్త సంవత్సరం వచ్చింది. ‘చిరునవ్వు కార్యాలయం’ అనే ఉత్సాహం మొదలైంది. తలుపుల దగ్గర అద్దాలు పెట్టారు.

ఒక పొద్దున మాలకొండయ్య తలుపులు సరిచూసుకుని పిట్టగోడ మీదికి వచ్చేసరికి, కట్ట మీద గొడుగు వేసుకుని వరదాచారి గారు వస్తున్నారు. చిక్కిపోయారు. చొక్కా జేబులో సున్నం డబ్బా గుండ్రంగా కనపడుతోంది. వచ్చి, గొడుగు ముడిచి, నీటిమట్టం ఎంత ఉందని అడిగారు. మాలకొండయ్య చెప్పాడు. నిన్న ఎంత ఉందని అడిగారు. అదీ చెప్పాడు. తర్వాత ఆయనకి అడగడానికి ఏమీ మిగల్లేదు.

మీరావలి నోరు తెరిచాడు. “ఏం సార్, మళ్ళా ట్రైనింగు...”

దానియేలు ఈసారి సమయానికి కాలు తొక్కాడు.

వరదాచారి గారు కాలువలోకి చూస్తూ నిలబడ్డారు. “ఇంట్లో పిల్లలు దగ్గరికి రావడం లేదు,” అన్నారు. “మానుటకు ఒక్క నిమిషం చాలునన్నాను. అది పొరపాటు.” అంతకుముందు ఆయన నోట ఆ మాట ఎవరూ విని ఉండరు. ఆ తర్వాత ఆయన ఎడమ చెయ్యి మెల్లగా పక్కకి వచ్చింది.

ఆఖరి చిటికె ఆ చేతిలో పెట్టింది తనే. మాలకొండయ్య దాన్ని మరిచిపోలేదు. జేబులోంచి తన డబ్బా తీశాడు. వాము పోశాడు, ఉసిరి వేశాడు, నలిపాడు, రెండు చరుపులు చరిచాడు. చేతి అలవాటు చొప్పున నాలుగు వంతులు పడ్డాయి. మీరావలికి పెట్టాడు, దానియేలుకి పెట్టాడు. నాలుగో వంతుతో చెయ్యి పిట్టగోడ వైపు వెళ్ళి, ఆగి, వరదాచారి గారి అరచేతిలోకి వచ్చింది. ఆఖరున తను వేసుకున్నాడు.

“దీనికి నేను ఏమైనా...” అని వరదాచారి గారు జేబులో కలం తడుముకున్నారు.

“ఏం అక్కర్లేదండి. పీకినప్పుడు వచ్చి చేయి చాపండి. చాలు.”

ఆయన గోడ మీద, ముగ్గురి పక్కన, పంచె సర్దుకుని కూర్చున్నారు. చాలాసేపు నమిలారు. నీళ్ళు తలుపుల కిందనుంచి చప్పుడు చేసుకుంటూ పోతున్నాయి.

“ఉసిరి మోతాదు కొంచెం ఎక్కువైనది,” అన్నారు చివరికి.

“రేపు తగ్గిస్తానండి,” అన్నాడు మాలకొండయ్య.

పిట్టగోడ మీద చీమలు రోజూ వచ్చే వేళకి వచ్చి, కాసేపు వెతుక్కుని, వెళ్ళిపోయాయి.